ఇంటర్ ఎంపీసీ తర్వాత వీఎఫ్‌ఎక్స్ డిగ్రీ: యూనివర్సిటీనా, ఇన్‌స్టిట్యూటా, బీటెక్కే నయమా?

ఖమ్మం_కీఫ్రేమ్:

అన్నలూ, అక్కలూ, ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎప్‌సెట్ ర్యాంకు చెప్పుకునేంత గొప్పగా రాలేదు గానీ దగ్గర్లో ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ అయితే వస్తుంది, నాన్న అందులో చేరమంటున్నారు. నా మనసంతా మోషన్ గ్రాఫిక్స్, వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) మీదే ఉంది. మా బావ వాడి పక్కన పడేసిన ల్యాప్‌టాప్‌లో బ్లెండర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లు నేర్చుకుంటున్నా. పెళ్లి వీడియోలకు టైటిల్స్, ఒక స్వీట్ షాపుకి చిన్న యాడ్, మా స్కూల్ యానివర్సరీకి ఇంట్రో చేసిచ్చా, కొంచెం డబ్బులు కూడా వచ్చాయి. ఆ డబ్బులు చూశాక అమ్మ మెత్తబడింది, నాన్న మాత్రం "డిగ్రీ కాగితం లేకుండా నిన్ను ఎవడు లెక్క చేస్తాడు" అంటున్నారు.

ఇప్పుడు నా ముందున్నవి మూడు. మాసాబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) వాళ్ల బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) యానిమేషన్, నాలుగేళ్లు, ఎంట్రన్స్ రాయాలి. రెండోది సిటీ చివర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీఎస్సీ యానిమేషన్ అండ్ వీఎఫ్‌ఎక్స్, మూడేళ్లు. ఫీజు వింటే నాన్నకి బీపీ పెరిగింది, కానీ ల్యాబ్ చూపించారు, గ్రీన్ స్క్రీన్ గది, మోషన్ క్యాప్చర్ సూట్, "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అన్నారు. మూడోది ఒక ఇన్‌స్టిట్యూట్, ఏడాది డిప్లొమా, "డిగ్రీ కూడా మేమే అరేంజ్ చేస్తాం, కాలేజీకి పోవక్కర్లేదు" అంటున్నారు.

ఏది మంచిది? అసలు ఈ ఫీల్డ్‌లో డిగ్రీ ఎవరైనా చూస్తారా? మ్యాథ్స్ చదివింది ఏమైనా పనికొస్తుందా? ఏఐ వచ్చి అన్నీ ఊడ్చేస్తుందని యూట్యూబ్‌లో ఒకడు రోజూ భయపెడుతున్నాడు, దాని సంగతి కూడా చెప్పండి.

కాంప్_అన్న_హైద్రాబాద్:

తమ్ముడూ, మోషన్ గ్రాఫిక్స్, వీఎఫ్‌ఎక్స్ అని ఒకే ఊపులో రాశావు గానీ అవి రెండూ వేరు వేరు బతుకులు. మోషన్ గ్రాఫిక్స్ అంటే డిజైన్: అక్షరం, రంగు, లోగో, టైమింగ్. క్లయింట్‌తో నువ్వే మాట్లాడతావు, మొదటి నుంచి చివరి దాకా చాలాసార్లు ఒక్కడివే చేస్తావు. వీఎఫ్‌ఎక్స్ అంటే వేరెవరో తీసిన షాట్‌లో లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించడం. ఒక్క షాట్ పది చేతులు మారుతుంది. మ్యాచ్‌మూవ్ వాళ్లు కెమెరా ఎలా కదిలిందో కంప్యూటర్‌లో తిరిగి కడతారు, రోటో వాళ్లు మనిషిని బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడదీస్తారు, పెయింట్ వాళ్లు వైర్లు చెరుపుతారు, మోడలింగ్, రిగ్గింగ్ (బొమ్మ కదలడానికి లోపల ఎముకల్లాంటివి పెట్టడం), యానిమేషన్, ఎఫ్‌ఎక్స్ (నీరు, పొగ లాంటివి), లైటింగ్, ఇవన్నీ అయ్యాక అన్నిటినీ ఒక్క షాట్‌గా కలిపే నాలాంటి కంపోజిటర్ చేతికొస్తుంది. నువ్వు ఇందులో ఏ మూల కూర్చోవాలనుకుంటున్నావో ఇప్పుడే తెలియాలని కాదు, కానీ అడ్మిషన్ కౌంటర్లో "వీఎఫ్‌ఎక్స్ నేర్పిస్తాం" అన్నవాడిని "అందులో ఏది?" అని అడగడానికైనా తెలియాలి. అన్నీ నేర్పిస్తాం అన్నాడంటే సాఫ్ట్‌వేర్ బటన్లు చూపిస్తాడని అర్థం.

డిగ్రీ చూస్తారా అన్నావు. హైదరాబాద్ స్టూడియోలో నన్ను తీసుకున్నప్పుడు ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు, రీల్ (మనం చేసిన పనులు కూర్చిన చిన్న వీడియో) చూశారు, తర్వాత ఒక షాట్ ఇచ్చి టెస్ట్ పెట్టారు. అలాగని డిగ్రీ దండగ అనను. బయటి దేశాల వీసాకి అది కావాలి, ఎండెస్ (డిజైన్‌లో మాస్టర్స్) లాంటి పై చదువుకి కావాలి, ఇరవై ఏడేళ్లకి ఈ ఫీల్డ్ వద్దనిపిస్తే వెనక్కి తిరగడానికి కూడా కావాలి. మా ఫ్లోర్‌లో బంగారం లాంటి ఆర్టిస్ట్ ఒకడున్నాడు, ఇంటర్‌తో ఆపేశాడు, కెనడా స్టూడియో వాళ్లు పని నచ్చి పిలిచినా కాగితాల దగ్గర ఆగిపోయింది.

కాబట్టి ఆ మూడో ఆప్షన్‌ని ముందు పక్కన పెట్టు. "డిగ్రీ మేమే అరేంజ్ చేస్తాం" అంటే ఎక్కడో ఉన్న యూనివర్సిటీ పేరుతో దూరవిద్య కాగితం. ఇలా ఫ్రాంచైజీలు పెట్టి డిగ్రీలు పంచడాన్ని యూజీసీ ఒప్పుకోదు. ఆ యూనివర్సిటీ పేరు అడిగి, ఆ కోర్సుకి దూరవిద్య అనుమతి ఉందో లేదో యూజీసీ సైట్‌లో నువ్వే చూసుకో. పేరు చెప్పడానికి నసిగితే అక్కడే లేచి వచ్చెయ్. డిప్లొమాగా డిప్లొమా చేయడం తప్పేం కాదు, మా స్టూడియోలో సగం మంది అలా వచ్చినవాళ్లే, కానీ దానికి తగిలించిన తోకని నమ్మొద్దు.

ప్రైవేటు యూనివర్సిటీ ల్యాబ్ చూసి పడిపోకు. మోషన్ క్యాప్చర్ సూట్ అడ్మిషన్ల సీజన్‌లో బయటికొస్తుంది, మిగతా టైమంతా బీరువాలో. నువ్వు అడగాల్సింది పోయిన ఏడాది ఫైనల్ ఇయర్ వాళ్లు చేసిన రీల్స్. వాళ్లు ఏరి చూపించే టాపర్‌ది ఒక్కటే కాదు, మామూలు స్టూడెంట్లవి నాలుగైదు. అవి నువ్వు ఇప్పుడు ఇంట్లో చేస్తున్నదానికంటే గట్టిగా ఉన్నాయా లేవా, నీ కళ్లకే తెలిసిపోతుంది. ఇంకా, పాఠం చెప్పేవాళ్లలో స్టూడియోలో షాట్లు డెలివర్ చేసినవాళ్లు ఎంతమంది? నిరుడు పాసై, వెంటనే అక్కడే ఫ్యాకల్టీగా చేరినవాళ్లు ఎంతమంది? "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్"లో రోటో ఇంటర్న్‌షిప్‌లు ఎన్ని, జీతం ఎంత, అది కూడా మొహమాటపడకుండా అడుగు. ఫీజు కట్టేది మీ నాన్న.

పెన్సిల్_పిల్ల:

నేను బీఎఫ్‌ఏ యానిమేషన్ మూడో ఏడాది. కాలేజీ పేరు చెప్పను, ఎందుకంటే ఇక్కడ తిట్టేవి కూడా ఉన్నాయి.

తమ్ముడూ, ఫైన్ ఆర్ట్స్‌లోకి వస్తే మొదట్లో నువ్వు సాఫ్ట్‌వేర్ ముట్టుకోవు, అది తెలుసుకునే రా. పెన్సిల్, బొగ్గు, వాటర్ కలర్, మనుషుల్ని చూసి గీయడం, రైల్వే స్టేషన్లో కూర్చుని స్కెచ్‌లు. మా బ్యాచ్‌లో గేమ్స్ చేద్దామని వచ్చిన అబ్బాయిలు కొందరు "ఇదేంటి, డ్రాయింగ్ మాస్టారి క్లాసులా ఉంది" అని మొదటి సెమిస్టర్‌లోనే విసుక్కున్నారు. కానీ వెలుగు ఎటు నుంచి పడుతుంది, నీడ అంచు ఎక్కడ పదును, ఎక్కడ మెత్తన, బరువు ఏ కాలి మీద ఉంది, ఇవి ఏ ట్యుటోరియల్‌లోనూ నాకు అంత గట్టిగా ఎక్కలేదు. ఇప్పుడు త్రీడీలో లైట్ పెట్టేటప్పుడు చెయ్యి దానంతట అదే పోతోంది.

జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఎంట్రన్స్ పేరు ఫేడీ. ఎంపీసీ వాళ్లు రాయొచ్చు, ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్లేదు. అందులో మెమరీ డ్రాయింగ్ ఉంటుంది, అంటే "కూరగాయల మార్కెట్", "బస్టాండ్" లాంటి దృశ్యం ఏదైనా ఇస్తే ఎదురుగా ఏమీ లేకుండా గీసి రంగులేయాలి. పెన్సిల్ ఎప్పుడూ పట్టకపోతే ఇప్పటి నుంచే రోజూ గియ్యి, ఫోన్ చూసి కాదు, ఎదురుగా ఉన్న మనుషుల్ని చూసి. ఒకటికి రెండు రాయాలనుకుంటే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఎంట్రన్స్ డాట్, ఐఐటీల డిజైన్ ఎంట్రన్స్ యూసీడ్ కూడా చూడు. యూసీడ్ జనవరిలో జరుగుతుంది, వరసగా రెండేళ్లు రాయొచ్చు, ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్‌కి (డిజైన్ డిగ్రీకి) అదే దారి. అమరావతి వైపు ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, అందులో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, నీకు మోషన్ గ్రాఫిక్స్ మీదే ఎక్కువ మోజుంటే వీఎఫ్‌ఎక్స్ అని పేరు పెట్టుకున్న కోర్సు కంటే అదే నయం అని నా అభిప్రాయం. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో అయితే యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ అని విడిగానే ఉంది.

ఇక తిట్టేవి. మా ల్యాబ్‌లో సిస్టమ్స్ ముసలివి, సాయంత్రం అయిదయితే తాళం వేస్తారు. రెండో ఏడాదిలో సాఫ్ట్‌వేర్ చెప్పాల్సిన సారు వెళ్లిపోతే కొత్తవాళ్లు రావడానికి చాలా నెలలు పట్టింది, మేమే ఒకళ్లకొకళ్లం చెప్పుకున్నాం. ఆ చెప్పుకోవడమే అసలు చదువు అయిందని కూడా అనాలి. అక్కడ దొరికిన మనుషులు మా ఇంటి గదిలో నాకు దొరికేవాళ్లు కాదు. ఫైనల్ ఇయర్ ఫిల్మ్‌కి సౌండ్ చేసేవాడు, గీసేవాడు, కథ చెప్పేది, అందరూ పక్క బెంచీలోనే ఉన్నారు.

గుంటూరు_బీటెక్:

ఇంతమంది ఇన్ని చెబుతున్నారు, నిజం ఎవరూ చెప్పట్లేదు. 2013లో రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా వీఎఫ్‌ఎక్స్ స్టూడియో దివాలా తీసింది, ఆస్కార్ తెచ్చుకున్న నెలలోనే, దాని బ్రాంచ్ మన హైదరాబాద్‌లో కూడా ఉండేది. 2023లో హాలీవుడ్‌లో రైటర్లు, యాక్టర్లు సమ్మె చేస్తే ఇక్కడ షాట్లు ఆగాయి. 2025 ఫిబ్రవరిలో వీఎఫ్‌ఎక్స్ కంపెనీ టెక్నికలర్ మూతపడితే బెంగళూరు, ముంబైలలో వేలమంది ఒక్కసారి రోడ్డున పడ్డారు. మా కజిన్ అందులో ఒకడు, చివరి జీతం కోసం ఎన్ని మెయిల్స్ పెట్టాడో నాకు తెలుసు. పైగా ఇప్పుడు ఏఐ. బాబూ, బుద్ధిగా సీఎస్‌ఈ చేసుకో, ఇది హాబీగా పెట్టుకో.

కాంప్_అన్న_హైద్రాబాద్:

గుంటూరు బ్రదర్, నువ్వు చెప్పినవన్నీ నిజమే, ఇంకో రెండు నేనే కలుపుతా: డెలివరీ ముందు రాత్రుళ్లు ఇంటికి పోము, మొదటి ఏళ్లలో జీతం సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ కంటే తక్కువ. హాలీవుడ్ పని ఇక్కడికి వచ్చేదే చవక అని. చవకని చూసి వచ్చిన పని ఇంకో చవక దొరికితే పోతుంది. కానీ మన తెలుగు సినిమా, ఓటీటీ పని వేరే లెక్క, ఇక్కడ డైరెక్టర్ కుర్చీ లాక్కుని మన పక్కనే కూర్చుంటాడు, ఆ పని అంత సులువుగా ఎక్కడికీ పోదు.

ఏఐ సంగతి. రోటో అంటే ఏమిటో ముందు చెప్తా. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, అయిదు సెకన్ల షాట్ అంటే 120. నడిచే మనిషిని విడదీయాలంటే మొత్తం మనిషి చుట్టూ ఒకే గీత గీయరు, తల, మొండెం, భుజం, ముంజేయి, అరచేయి విడివిడి షేపులు, కదలిక మలుపు తిరిగే ఫ్రేముల్లో కీఫ్రేములు వేసి మధ్యవి తర్వాత సరిచేస్తారు, లేకపోతే అంచు వణుకుతుంది. ఈ పని చాలా వరకు మెషీన్‌కి పోతోంది, మేం కంపోజిటింగ్‌కి వాడే న్యూక్ సాఫ్ట్‌వేర్‌లోనే 2021 నుంచి కాపీక్యాట్ అనే టూల్ ఉంది, కొన్ని ఫ్రేములు చేసి చూపిస్తే మిగతావి అది నేర్చుకుని చేస్తుంది. అంటే ఫ్రెషర్లు లోపలికి వచ్చే తలుపు ఇరుకవుతోంది, దీన్ని దాచి లాభం లేదు. అందుకే మూడేళ్లు రోటో, కీయింగ్ (గ్రీన్ స్క్రీన్ రంగు తీసేయడం) బటన్లు నేర్పే కోర్సుకి లక్షలు పోయొద్దంటున్నా. జుట్టు అంచున పచ్చ రంగు ఎందుకు మిగిలింది, కలర్ మార్చగానే అంచున తెల్లగీత ఎందుకు వచ్చింది, ఆల్ఫాతో (పారదర్శకత విలువతో) గుణించిన రంగుని విడదీయకుండా గ్రేడ్ చేశావా, అంటే రంగు సరిచేశావా, అసలు ఆ షాట్‌లో ఏది అబద్ధంగా కనిపిస్తోంది, ఇది చెప్పగలిగేవాడికి పని ఉంటుంది. నా అంచనా అది.

మ్యాథ్స్ అడిగావు కదా తమ్ముడూ. మ్యాచ్‌మూవ్‌లో లెన్స్ ఫోకల్ లెంగ్త్, సెన్సర్ సైజు, యాంగిల్ అన్నీ నువ్వు చదివిన త్రికోణమితే. హుడినీ సాఫ్ట్‌వేర్‌లో నీరు, పొగ, కూలిపోయే గోడ చేయాలంటే వెక్టర్లు, మాత్రికలు రోజూ కనిపిస్తాయి. ఎంపీసీ చదివినవాడు ఎఫ్‌ఎక్స్ వైపు వెళ్తే మిగతావాళ్లకంటే ముందే ఉంటాడు. పైథాన్ వచ్చిన బీటెక్ వాళ్లని పైప్‌లైన్ పనికి (షాట్లు ఒక విభాగం నుంచి ఇంకోదానికి సాఫీగా వెళ్లేలా కోడ్ రాయడానికి) స్టూడియోలు వెతుక్కుంటాయి కూడా, కాబట్టి నాన్నగారి మాట విన్నంత మాత్రాన నీ దారి మూసుకుపోదు.

బెజవాడ_మోగ్రాఫ్:

నేను న్యూస్ ఛానల్ గ్రాఫిక్స్‌లో కొన్నాళ్లు చేసి, ఇప్పుడు ఫ్రీలాన్స్. మోషన్ గ్రాఫిక్స్ గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు కాబట్టి ఆ ముక్క నాది.

ఏ కోర్సులోనూ చెప్పంది, కానీ మన దగ్గర రోజూ మీద పడేది ఒకటుంది: తెలుగు అక్షరం. ట్యుటోరియల్ చూసి ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరొచ్చేలా చేయడం అయిదు నిమిషాల పని. అదే "లక్ష్మి" అని పెట్టి చెయ్యి, ఒత్తు ఒకవైపు, గుడి ఒకవైపు పోతాయి. పాత ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అయితే టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చుకోకపోతే టైప్ చేసినప్పుడే ఒత్తులు విడిపోయేవి. నేను చేసేది, టెక్స్ట్‌ని షేపులుగా మార్చి, ప్రతి అక్షరాన్నీ దాని గుణింతంతో, ఒత్తుతో కలిపి ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుని కదపడం. టైమ్ పడుతుంది. తొందరైతే పదం పదంగా యానిమేట్ చేస్తా, అక్షరం జోలికి పోను. ఇంకోటి, ఇంగ్లిష్ టెంప్లేట్ కొని అందులో తెలుగు పేరు పెడితే కింద ఒత్తులు పట్టీ బయటికి వేలాడతాయి, ఎందుకంటే వాళ్లు ఆ పట్టీ ఎత్తు ఇంగ్లిష్‌కి కొలిచి పెట్టారు. ఛానల్స్‌లో ఇప్పటికీ అను ఫాంట్లతో నడిచే పాత ఫైళ్లు ఉంటాయి, అవి యూనికోడ్ కావు, అందులోంచి కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పేరులో ఒక్క ఒత్తు తప్పుపడి ప్రసారమైందంటే ఆ రోజు ఫోన్లు ఆగవు.

ఉచితంగా మంచి ఫాంట్లు ఉన్నాయి, సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చిన రామభద్ర, మండలి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. నీ రీల్‌లో తెలుగు అక్షరం శుభ్రంగా కదిలిన ఇరవై సెకన్లు పెట్టు. హైదరాబాద్‌లో సినిమా టైటిల్స్, లిరికల్ వీడియోలు, ఓటీటీ ప్రోమోలు చేయించుకునేవాళ్లు అంతరిక్ష నౌకని కాదు చూసేది, దాన్ని.

డిగ్రీ గురించి నా మాట: అప్లయిడ్ ఆర్ట్ కూడా ఒకసారి చూడు. పోస్టర్, టైపోగ్రఫీ, లేఅవుట్ నేర్పుతారు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ నీకు ఎలాగూ వచ్చు. పెళ్లి టైటిల్స్ చేశావంటున్నావు, అది చిన్నతనంగా చూడకు, క్లయింట్ "ఇంకొంచెం గ్రాండ్‌గా" అంటే ఏమిటో అర్థం చేసుకోవడం ఏ యూనివర్సిటీ సిలబస్‌లోనూ లేదు.

బౌర్న్‌మత్_నుంచి:

యూకేలో బౌర్న్‌మత్ యూనివర్సిటీలో కంప్యూటర్ యానిమేషన్ అండ్ విజువల్ ఎఫెక్ట్స్ ఎమ్మెస్సీ చేశా, దానికి ముందు బీటెక్ హైదరాబాద్‌లో. ఇక్కడి క్లాసులో నాకు ప్రోగ్రామింగ్ తేలిక, కళ కష్టం, పక్కన కూర్చున్న ఫైన్ ఆర్ట్స్ అమ్మాయికి సరిగ్గా తిరగేసి. ఇద్దరికీ సీటు వచ్చింది, ఇద్దరం పాసయ్యాం. అంటే బ్యాచిలర్స్‌లో ఏది చదివావన్నది ఇక్కడ నిన్ను ఆపదు, ఏదో ఒకటి గుర్తింపు ఉన్నచోట చదివి ఉండాలి అంతే. అమెరికా వైపు చూస్తే మాత్రం చాలాచోట్ల నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు, మూడేళ్ల బీఎస్సీకి నాలుగేళ్ల బీఎఫ్‌ఏకి అక్కడ తేడా వస్తుంది.

అయితే కన్సల్టెన్సీ వాళ్లు "లండన్‌లో స్టూడియోలు బోలెడు, చేరగానే జాబ్" అంటే నవ్వి ఊరుకో. స్టూడియోలు ఉన్న మాట నిజం, కానీ స్కిల్డ్ వర్కర్ వీసాకి జీతం హద్దు 2024 ఏప్రిల్‌లో 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు, ఆ తర్వాతి ఏడాది ఇంకా పెంచారు. కొత్తవాళ్లకి కొంత తగ్గింపు ఉన్నా, జూనియర్ ఆర్టిస్ట్ జీతం దానికి అందడం కష్టం. నాతో చదివినవాళ్లలో చాలామంది చదువయ్యాక దొరికే గడువులో షాట్లు చేసి, వెనక్కి వెళ్లి ముంబై, బెంగళూరు స్టూడియోల్లో సీనియర్లుగా చేరారు. అప్పు మాత్రం పౌండ్ల లెక్కలోనే ఉంది. బ్యాచిలర్స్ కోసమే ఇక్కడికి వస్తానంటే వద్దనే చెప్తా.

ఖమ్మం_కీఫ్రేమ్:

అందరికీ చాలా థాంక్స్. నాన్నకి కూడా చదివి వినిపించా, "ఆ కాంప్ అన్న ఎవరో బాగా చెప్పాడు" అన్నారు, టెక్నికలర్ ముక్క దగ్గర మాత్రం నా వైపు అదోలా చూశారు. ఫేడీ రాస్తా, యూసీడ్ కూడా. సీటు రాకపోతే సీఎస్‌ఈ అని ఒప్పందం కుదిరింది. మూడోదాని యూనివర్సిటీ పేరు అడిగితే "అడ్మిషన్ అయ్యాక చెప్తాం" అన్నారు, హహ. ఇంకొక్క డౌట్, ఇప్పుడే కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? రీల్‌లో ఎంతసేపు పెట్టాలి?

కాంప్_అన్న_హైద్రాబాద్:

ఇప్పుడే కొనకు. ఫైన్ ఆర్ట్స్‌లో సీటొస్తే మొదటి ఏడాది దాని అవసరమే పెద్దగా ఉండదు. కొనే రోజు వచ్చాక అదే డబ్బుకి డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించు, ఎన్‌విడియా కార్డు, 32 జీబీ ర్యామ్, హాస్టల్ అయితే తప్ప ల్యాప్‌టాప్ వద్దు. సాఫ్ట్‌వేర్‌కి రూపాయి పెట్టక్కర్లేదు: బ్లెండర్ ఉచితం, డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే కంపోజిటింగ్‌కి ఫ్యూజన్ ఉంది, న్యూక్‌కి నాన్ కమర్షియల్, హుడినీకి అప్రెంటిస్ అని ఉచిత వెర్షన్లు ఉన్నాయి. క్రాక్‌లు దించుకోకు.

రీల్ నిమిషం చాలు, మంచిది ముందు పెట్టు, సగం బాగున్న షాట్ తీసెయ్. ప్రతి షాట్‌కి ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా అయింది చూపించి, అందులో నువ్వు చేసింది ఏదో కింద రాయి. ట్యుటోరియల్‌లో వచ్చే అదే షాట్ పెట్టొద్దు, చూసేవాళ్లకి అది ఎక్కడిదో వెంటనే తెలిసిపోతుంది. ఖమ్మం కోట గుట్ట మీద ఫోన్ పట్టుకుని నడుస్తూ పది సెకన్లు తియ్యి, దాన్ని ట్రాక్ చేసి ఆ గోడ మీద లేనిదేదైనా నిలబెట్టు, నీడతో సహా. అయ్యాక ఇక్కడే లింక్ పెట్టు, అంచులు చూసి చెప్తా.